మాంత్రికుడి ఇంటిపేరు

మారేడ్‌పల్లిలోనో పద్మారావునగర్‌లోనో టు-లెట్ బోర్డు చూసి తలుపు తడితే, అద్దె మాటకన్నా ముందు ఇంటిపేరు అడుగుతారు. దానితో తేలకపోతే సొంతూరు. అక్కడా తేలకపోతే "నాన్‌వెజ్ వండుతారా?" అని చుట్టుతిప్పి అడుగుతారు. ఈ ఇంటర్వ్యూలో నలిగినవాళ్లకి హ్యారీ పోటర్ నవలల్లోని గాంట్ కుటుంబం పరాయిగా అనిపించదు.

గాంట్లు సలజార్ స్లిథరిన్ అంతటి మాంత్రికుడి వారసులు. రక్తం పలచబడకూడదని తరతరాలుగా దగ్గరి చుట్టాల్లోనే ఇచ్చిపుచ్చుకున్నారు. మేనరికాలు మనకీ కొత్త కాదులెండి. చివరికి వాళ్లకి మిగిలింది తలుపుకి చచ్చిన పాముని మేకుతో కొట్టిన కొంప, ఓ ఉంగరం, ఓ లాకెట్టు. ఆ ఇంటి పిల్ల మంత్రం రాని జమీందారు కొడుక్కి మందుపెట్టి పెళ్లాడితే పుట్టినవాడే వోల్డెమార్ట్. తండ్రి పేరే తనకీ ఉండటం భరించలేక కొత్త పేరు అల్లుకున్నాడు. శుద్ధరక్తం కోసం హత్యలు చేయించింది ఈ పెద్దమనిషే!

ఆ మాయలోకంలోవాళ్లు మాటకి ముందు ఎవరి గడ్డాన్ని తలుచుకుంటారో ఆ మెర్లిన్ కూడా మంత్రాల బడిలో స్లిథరిన్ శాఖవాడేనని ఆ నవలల రచయిత్రి రౌలింగ్ రాసింది. ఆయన మాత్రం మంత్రం రానివాళ్ల పక్షాన నిలబడ్డాడట. ఇక పాత కథల మెర్లిన్‌కి పుట్టుకే పేచీ. 12వ శతాబ్దంలో జెఫ్రీ ఆఫ్ మాన్మత్ రాసినదాని ప్రకారం తల్లి రాజకుమార్తె, తండ్రి అసలు మనిషే కాదు, ఏదో పిశాచం. మారేడ్‌పల్లిలో వాటా దొరికేది కాదు.

మన నేపాళ మాంత్రికుణ్ణి గోత్రం అడిగినవాడు లేడు. 1951 నాటి ‘పాతాళభైరవి’లో ఎస్.వి. రంగారావు ఆ గొంతుతో ‘డింభకా’ అంటే చాలు, ఇంకేం అడుగుతాం? ఆ మాంత్రికుడి బలమంతా సాధనలోదే. రాకుమార్తెని కోరిన కథానాయకుడు తోటరాముడికి ఉజ్జయిని రాజు పెట్టిన షరతూ వంశం గురించి కాదు, తనతో సరితూగే సంపద తెమ్మని. సంబంధాల బజారు ఆ సినిమా రచయిత పింగళి నాగేంద్రరావుకి బాగానే తెలుసు.

ఇంతకీ ఇంటిపేరు అడిగే ఆ మారేడ్‌పల్లి, పద్మారావునగర్ ఉన్న సికింద్రాబాదుకి 1806లో నిజాం సికందర్ జా పేరొచ్చింది. పుట్టుకతోనే కలగాపులగపు కంటోన్మెంటు ఊరు. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఆంగ్లో ఇండియన్లు ఉండేవారు. తెల్లదొరలు వాళ్లని సాటివాళ్లుగా ఒప్పుకోలేదు, మనవాళ్లేమో దొరలన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ జాతివాళ్లు చాలామంది ఆస్ట్రేలియా దారి పట్టారు. ఆ రోజుల్లో అక్కడి ప్రభుత్వం, రక్తంలో తెల్లపాలే ఎక్కువని కాగితాలతో రుజువు చూపించమంది.