శాగిర్దుకు జీతమా?

మా ఇళ్లల్లో శాగిర్దు అనే మాట తెలియనివాళ్లుండరు. చదువు మానేసిన పిలగాణ్ని తీసుకుపోయి ఉస్తాద్ ముందు నిలబెడతారు. లారీ షెడ్డు కావచ్చు, వెల్డింగ్ షాపు కావచ్చు, దర్జీ దుకాణం కావచ్చు. ఆ రోజు నుంచి వాడు శాగిర్దు. పొద్దున్నే షెడ్డు ఊడ్చాలి. చాయ్ తేవాలి. పానాలందించాలి. లారీ కింద దూరి బోల్టులు విప్పాలి. జీతమెంత అని అడిగితే అడిగినవాడే పిచ్చోడు. "పని నేర్చుకుంటున్నడు గదా, ఇంక జీతమేంది?"

మా భాయ్‌జాన్ పదమూడో ఏట ఇట్లాగే చేరాడు. మూడేళ్లు తిరిగేసరికి గేర్ బాక్సు ఒక్కడే దించి ఎక్కించేవాడు. డ్రైవర్లు అతని కోసమే వచ్చేవాళ్లు. డబ్బులు మాత్రం ఉస్తాద్ గల్లాలోకి పోయేవి. భాయ్‌జాన్‌కి రోజూ చాయ్ పైసలు, రంజాన్ పండక్కి ఒక జత బట్టలు. ఒకసారి జాకీ జారి కుడిచేతి వేళ్లు రెండు నలిగాయి. దవాఖానా ఖర్చు అడగడానికి అమ్మీ బురఖా వేసుకుని షెడ్డు దాకా పోయింది. "వాడు నా నౌకరు కాదమ్మా, నా శాగిర్దు. బిడ్డలాంటోడు" అన్నాడు ఉస్తాద్. బిడ్డలాంటోడు అనేసరికి అమ్మీ ఇంకేమీ అడగలేకపోయింది. (ఆ ఉస్తాద్ కూడా మావాడే, పేదోడే. మాలో మాకు దోపిడీ లేదని చెప్పేవాళ్లతో నాకు వేరే పేచీ ఉంది. అది ఇంకోసారి.)

ఈ మాట మళ్లీ గుర్తు చేసింది మా భాంజా. 2017లో ఎమ్మెస్ చదవడానికి అమెరికా పోయాడు. క్యాంపస్ డైనింగ్ హాల్లో ప్లేట్లు కడిగేవాడు. గంటకింత అని కూలి ఇచ్చేవాళ్లు. శనివారం వస్తే ఊరంతా ఆ యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలోనే ఉండేదట. అక్కడి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు పెట్టుకుని మనుషులు మనుషుల్ని ఢీకొట్టే ఆట. లక్ష మంది పట్టే స్టేడియంలు కూడా ఉన్నాయక్కడ. టికెట్లు, టీవీ, టీషర్టులు, అంతా డబ్బే. "మామూ, ప్లేట్లు కడిగితే నాకు కూలి ఉంది. ఆడేవాడికి లేదు. ఇద్దరమూ స్టూడెంట్లమే గదా" అన్నాడు ఫోనులో.

వాడి ప్రశ్నలోనే సంగతంతా ఉంది. చదువుకుంటూ పని చేసేవాణ్ని పనివాడు కాదని ఎవరూ అనరు. లైబ్రరీలో పుస్తకాలు సర్దే పిల్లకు కూలి ఇస్తారు. ఆటగాడి దగ్గరికొచ్చేసరికి మాత్రం చదువు అడ్డమొస్తుంది.

ఎందుకొచ్చిందో చరిత్ర ఉంది. 1955లో కొలరాడో రాష్ట్రంలో ఫోర్ట్ లూయిస్ కాలేజీ తరఫున ఆడుతూ రే డెన్నిసన్ అనే ఆటగాడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికిచ్చే పరిహారం ఇమ్మని ఆయన భార్య కోర్టుకు పోయింది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారంలో లేదు కాబట్టి ఇవ్వక్కర్లేదని 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ ఆ కాలంలోనే ఒక కొత్త పేరు పుట్టించింది: స్టూడెంట్ అథ్లెట్. ఆటగాళ్లను ఉద్యోగులంటారేమోనన్న భయంతోనే ఆ మాట తయారు చేశామని తర్వాత 1995లో తన పుస్తకంలో రాసింది ఎవరనుకున్నారు? 1951 నుంచి 1988 దాకా ఆ సంస్థను నడిపిన వాల్టర్ బయర్స్. కుర్చీ దిగాక నిజం చెప్పాడు. దిగాకైనా చెప్పాడు, మనవాళ్లు చాలామంది అది కూడా చెయ్యరు.

ఆ పేరు ఎంత గట్టిదంటే, 1974లో ఆటలో వెన్ను విరిగి మంచాన పడిన కెంట్ వాల్డ్రెప్ పరిహారం కోసం పోరాడితే, అతను ఉద్యోగి కాదని 2000లో టెక్సస్ కోర్టు చెప్పింది. పాతికేళ్ల తర్వాత కూడా అదే జవాబు. నౌకరు కాదమ్మా, శాగిర్దు.

చదువే జీతం కదా అంటారు. ఆ చదువు చూద్దాం. చాలాకాలం స్కాలర్షిప్పు ఏడాదికొకసారి తిరగరాసేది. కోచ్‌కు నచ్చకపోతే, మోకాలు విరిగితే, మరుసటేడు లేదు. 1973 నుంచి దాదాపు నలభై ఏళ్లు ఇదే నియమం. 2014లో నార్త్‌వెస్టర్న్ ఆటగాళ్లు యూనియన్ పెట్టుకుంటామని పోతే, విచారణ చేసిన అధికారి సీజన్‌లో వాళ్లు వారానికి 40 నుంచి 50 గంటలు ఆటకే పెడుతున్నారని లెక్క తేల్చి, వీళ్లు ఉద్యోగులే అన్నాడు. మరుసటేడు పై బోర్డు మాకెందుకని తప్పుకుంది. అదే 2014లో నార్త్ కరోలినా యూనివర్సిటీ బండారం బయటపడింది. 18 ఏళ్ల పాటు క్లాసు జరగని క్లాసులు, చదవకుండానే మార్కులు. 3,100 మందికి పైగా విద్యార్థులు, అందులో దాదాపు సగం ఆటగాళ్లు. ఆ దొంగ క్లాసులు నడిచింది ఆఫ్రికన్ అమెరికన్ అధ్యయనాల శాఖలో. నల్ల పిల్లలకు జీతం బదులు చదువన్నారు, చదువు బదులు కాగితమిచ్చారు, అదీ వాళ్ల సొంత చరిత్ర పేరు మీద. అస్తిత్వం గురించి రాసుకునే మనకు ఈ దెబ్బ ఎక్కడ తగులుతుందో విడమర్చి చెప్పక్కర్లేదు.

పేరు సంగతి ఇంకా ఉంది. కరీం అబ్దుల్ జబ్బార్ మనకు తెలిసినవాడే. 1965 నుంచి 69 దాకా లాస్ ఏంజిలిస్‌లో యూసీఎల్ఏలో చదివాడు. ఆడిన మూడేళ్లూ కాలేజీకి జాతీయ టైటిల్ తెచ్చిపెట్టాడు. బాస్కెట్‌బాల్ కోర్టులో హీరో, బయట జేబులో డబ్బుల్లేని కుర్రాడినని ఆయనే రాసుకున్నాడు. 1968లో, ఇంకా కాలేజీలో ఉండగానే, కలిమా చదివి ముసల్మానయ్యాడు. అప్పటిదాకా ఉన్న ఆల్సిండార్ అన్న ఇంటిపేరు తన పూర్వీకుల్ని బానిసలుగా ఉంచుకున్న దొరదని చెప్పాడు. లోకానికి కొత్త పేరు ప్రకటించింది మాత్రం 1971లో. అంటే కాలేజీ చివరి ఏడాది స్టేడియం నిండా జనం ఆ దొర పేరే కేకలేశారు, టికెట్లు ఆ పేరు మీదే తెగాయి, లోపల మనిషి అప్పటికే వేరే పేరుతో నమాజు చేస్తున్నాడు.

అదే కాలేజీని 1995లో గెలిపించిన ఎడ్ ఒబానన్ కథ దీనికి తిరగేసింది. 2009 నాటికి ఆట మానేశాడు. తెలిసినవాళ్లింట్లో పిల్లవాడి వీడియో గేములో తనను తాను చూసుకున్నాడు. అదే గుండు, అదే రంగు, అదే 31 నంబరు, అదే ఎడమచేతి వాటం. పేరొక్కటే లేదు. పేరు తీసేసి మొహం అమ్ముకున్నారు. కేసు వేసి 2014లో గెలిచాడు. 2010లో ఎన్‌సీఏఏ ఒక్క బాస్కెట్‌బాల్ టోర్నీ ప్రసారానికి 14 ఏళ్లకు 1,080 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదుర్చుకుంది. అందులో ఆడేవాడి జీతం సున్నా.

డబ్బిస్తే ఆట చెడిపోతుందనేవాళ్లకు ఒక మాట. 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు కొట్టిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో ఆడినవాళ్లు జీతాలు తీసుకునే పోలీసులు. నెల జీతం వాళ్ల కాళ్లకు అడ్డం పడిందా? వాళ్లను తయారు చేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ చేతి కిందే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. బస్తీ పిల్లలకు ఆ బంతి అన్నం పెట్టింది. ఆట ఆటగానే ఉంది.

అమెరికాలో ఇప్పుడు కొంత మారింది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటై ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. మరుసటి నెల నుంచి ఆటగాళ్లు తమ పేరూ మొహమూ పెట్టి ప్రకటనలు చేసుకోవచ్చన్నారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో పాత ఆటగాళ్లకు దాదాపు 280 కోట్ల డాలర్ల బకాయి, ఇప్పటివాళ్లకు కాలేజీ నేరుగా డబ్బిచ్చే వీలు వచ్చాయి. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచొచ్చు. అందులో ఎక్కువ భాగం మగపిల్లల ఫుట్‌బాల్‌కూ బాస్కెట్‌బాల్‌కే పోతుందని ఆడపిల్లలు అడ్డం తిరిగారు. న్యాయమే. గల్లా నిండని ఆటలు ఆడేవాళ్లూ అన్నే గంటలు చెమటోడుస్తారు. నన్నడిగితే ప్లేట్లు కడిగే పిల్లవాడికి ఇచ్చినట్టే వాళ్లకూ గంటకు కూలి కట్టాలి. హోటలుకు ఆ రోజు లాభమొచ్చిందా లేదా అని చూసి వెయిటరుకు జీతమివ్వరు కదా. దెబ్బ తగిలితే దవాఖానా ఖర్చు కూడా కార్మికుడి హక్కుగా రావాలి. ఆ ఒప్పందం డబ్బు గురించి మాట్లాడింది గానీ ఉద్యోగి అన్న మాట ఒప్పుకోలేదు. వేళ్లు నలిగినవాడి ఇంటివాళ్లకు ఆ మాటతోనే పని.

ఇంకొకళ్లున్నారు, వాళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. ఎఫ్-1 వీసా మీద పోయి ఆడే పిల్లలు. ఆ వీసా అంటే ఏమిటో ఇప్పుడు తెలుగు ఇళ్లకు చెప్పక్కర్లేదు. క్యాంపస్ లోపల వారానికి 20 గంటల పని, బయట అడుగు పెడితే భయం. కెంటకీలో ఆడిన కాంగో పిల్లవాడు ఆస్కార్ షిబ్వే 2022లో దేశంలోనే మేటి ఆటగాడు. తోటివాళ్లంతా ప్రకటనలతో సంపాదిస్తుంటే అతనికి వీసా అడ్డం. ఆ ఆగస్టులో జట్టు బహామాస్‌కు ఆడబోయింది. అమెరికా గడ్డ కాదు గనక ఆ కొద్ది రోజుల్లోనే అక్కడ ప్రకటనల పని చేసుకుని డబ్బు కళ్లచూశాడు.

ఇది చెప్తే భాంజా తను చదివినచోట కూడా జట్టులో ఆఫ్రికా పిల్లలు ఇద్దరుండేవాళ్లన్నాడు. ఆట అయ్యాక రాత్రి పొద్దుపోయి డైనింగ్ హాలుకొచ్చేవాళ్లట. వాళ్లు తిన్న ప్లేట్లు వీడు కడిగేవాడు.