బుల్లెట్టుకు తగిన పుస్తకం

మా అబ్బాజాన్ మాకు విడిచి వెళ్ళినవాటిలో చప్పుడు చేసే వస్తువు ఒక్కటే. అది 1984వ సంవత్సరపు మద్రాసు బుల్లెట్టు. దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి.నగర్ దాకా 2018లో మెట్రో రైలు వచ్చినా, ఆ బండిని మూలకు నెట్టడానికి మాకు మనసొప్పలేదు. ప్రతి చిన్న మరమ్మతుకూ డబ్బు పోసే స్తోమత లేదు గనుక, పుస్తకం చూచి మేమే బాగుచేసికోవాలని నిశ్చయించుకొన్నాము.

ఒక ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీది పాత పుస్తకాల బారులలో బుల్లెట్టు పేరు గల గ్రంథమొకటి దొరికింది. గట్టి అట్ట, ఇంగ్లండు ముద్రణ, ముచ్చటైన రేఖాచిత్రాలు. ఇంకేమి కావాలి? ఇంటికి తెచ్చి, అందులో చెప్పినట్లే కాంటాక్టు పాయింట్ల మధ్య ఎడం 0.012 అంగుళం, అనగా సుమారు 0.30 మిల్లీమీటరు ఉండేలా సరిచేశాము. బండి కదిలింది. చైతన్యపురి దాటేసరికి లాగడం మానింది. ఎల్.బి.నగర్ కూడలి చేరేసరికి ఇంజను పొయ్యి మీది పెనమే.

అక్కడ రోడ్డువారగా కొట్టు పెట్టుకొన్న ఉస్తాద్ మూత విప్పి చూచి, "యే కౌన్ కరా బేటా?" అన్నారు. సిగ్గుపడుతూ పుస్తకం చూపాము. ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా బొమ్మ చూచి నవ్వారు. అందులో ఉన్నది మాగ్నెటో. మా బండిది బ్యాటరీ, కాయిలు పద్ధతి. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో 1950ల తొలినాళ్ళలో తయారైన బండి కొలతను మద్రాసు బండికి పెట్టాము! దీనికి కావలసినది 0.014 నుండి 0.016 అంగుళం. ఎడం తగ్గితే పాయింట్లు ఆలస్యంగా విడతాయి, నిప్పురవ్వ వెనుకబడుతుంది, పెట్రోలు బలం కొంత వట్టి వేడిగా పోతుంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి పేరును నిలుపుకొన్నదే గాని, లోపలి సరంజామా అంతా ఒకేలా ఉండిపోలేదు. నట్లలో మాత్రం చాలావాటివి పాత బ్రిటిషు కొలతలే; మిల్లీమీటరు పానా పెడితే అంచులు అరుగుతాయి.

తరువాతి ఆదివారం మరల ఆబిడ్స్‌కు వెళ్ళాము. యజమానికిచ్చే చిన్న పుస్తకం నూనె, గొలుసు సంగతులతో సరిపెడుతుంది. విడిభాగాల పట్టిక ఏ వాషరు వెనుక ఏ వాషరో చూపుతుంది, ఎంత బిగించాలో చెప్పదు. మాకు కావలసినది వర్క్‌షాపు మాన్యువల్. ఈసారి అట్టను చూడలేదు. మా బండి తీగల రంగులు కాగితం మీద వ్రాసికొని వెళ్ళి, వెనుక పుటలలోని వైరింగు పటంతో ఒక్కొక్కటే సరిపోల్చాము. విప్పడం విపులంగా చెప్పి, బిగించడం దానికి తలక్రిందులని ఒక్క ముక్కలో తేల్చేవాటిని ప్రక్కన పెట్టాము. మా చేతిలో స్ప్రింగులు మిగిలిపోయేది అక్కడే. చివరకు మద్రాసు బండికి వ్రాసినది దొరికింది.

అదీ ఇంగ్లీషే. మేము చదివి ఉర్దూలో చెబుతుంటే ఉస్తాద్ బీడీ ఆర్పి వింటారు. కొన్నిచోట్ల తల ఊపుతారు, కొన్నిచోట్ల "నై" అంటారు. ఆయన మాటలను మేము అంచులలో తెలుగులో వ్రాసికొంటున్నాము. క్లచ్చి ఊడదీయడానికి ప్రత్యేక పనిముట్టు కావాలని పుస్తకం అంటున్నది. ఇనుపముక్క తెస్తే తానే చేసి ఇస్తానని ఆయన అంటున్నారు. ఇనుపముక్క కోసం వెతుకుతున్నాము.