పాండిచ్చేరి నుంచి ఉత్తరం

'త్రీ మస్కటీర్స్' అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది నలుగురి స్నేహం. నాకు మాత్రం దాని తర్వాతి కథలే ఎక్కువ ఇష్టం. ఇరవై ఏళ్లు గడిచాక అదే నలుగురు రెండు పక్షాలుగా చీలిపోతారు. దార్తాన్యన్, పోర్తోస్ ఒకవైపు, అతోస్, అరమిస్ ఇంకోవైపు. చీకట్లో కత్తులు దూసి కలబడ్డాక గానీ ఎదురుగా ఉన్నది ఎవరో తెలీదు. ఆ తర్వాతి భాగంలో ఇంకా ఘోరం. బెల్-ఈల్ కోటలో ఉన్న అరమిస్, పోర్తోస్‌ల మీదికి దార్తాన్యన్‌నే పంపిస్తాడు లూయీ మహారాజు. దార్తాన్యన్ అక్కడికక్కడే రాజీనామా చేస్తాడు. రాజు అది ముందే ఊహించి, రాజీనామా చేస్తే ఏం చెయ్యాలో కూడా ఆజ్ఞ రాసి పంపి ఉంటాడు. పోర్తోస్ చచ్చిపోతాడు. దార్తాన్యన్ మళ్లీ ఆ రాజు కొలువులోనే చేరతాడు.

లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులో కొన్న ఈ పుస్తకాలు చదువుతున్నప్పుడు, ఆ ఫ్రెంచి సింహాసనానికీ మా బెజవాడ చుట్టుపక్కలకీ సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు. కొండపల్లి అంటే బొమ్మలు, లారీలు, కోట మెట్లు, రెడ్డిరాజులు, కృష్ణదేవరాయలు. అంతే. కానీ 1753లో నిజాం సలాబత్ జంగ్ నాలుగు సర్కార్లని ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. అందులో శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరుతో పాటు కొండపల్లి ఒకటి. మన రైతులు కట్టిన శిస్తు బుస్సీ సిపాయిల జీతాలకి పోయింది. అప్పుడు ఫ్రాన్సుని ఏలుతున్న పదిహేనో లూయీ, దార్తాన్యన్ కొలిచిన పద్నాలుగో లూయీకి మునిమనవడు.

బుస్సీ అంటే మనకి బొబ్బిలి యుద్ధంలో విలనే. 1757 జనవరి 24న విజయరామరాజు పక్షాన బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు పట్టుకెళ్లింది ఆయనే. 1964 నాటి సినిమా చూసినవాళ్లకి ఎస్వీ రంగారావు పాపారాయుడు గుర్తుంటాడు గానీ బుస్సీకి ఒక కథ ఉందని గుర్తుండదు. ఉండాల్సిన అవసరమూ లేదు. బొబ్బిలి ఆడవాళ్లూ పిల్లలూ మంటల్లో పోయాక ఆయన మనోవ్యథ గురించి మాట్లాడటం నాకే ఇబ్బందిగా ఉంది. అయినా ఆ మరుసటేడు జరిగిన ఒక్క సంగతి నన్ను వదల్లేదు.

సలాబత్ జంగ్‌ని 1751లో గద్దె ఎక్కించింది బుస్సీ. ఏడేళ్లు ఆ గద్దెని కాసిందీ ఆయనే. మధ్యలో 1756లో చెప్పుడు మాటలు విని సలాబత్ ఆయన్ని కొలువులోంచి తీసేశాడు. బుస్సీ హైదరాబాదులో చార్‌మహల్ తోటలో చేరి నెలల తరబడి నిలబడ్డాడు. మళ్లీ రాజీ పడ్డారు. కాబట్టి వాళ్లది పాలూ నీళ్లూ కలిసినంత స్వచ్ఛమైన స్నేహమేం కాదు. డబ్బుంది, భయముంది, అవసరముంది. కానీ మన స్నేహాల్లో మాత్రం అవి లేవా?

1758లో పాండిచ్చేరి నుంచి లాలీ ఉత్తరం వచ్చింది. లాలీ అంటే ఫ్రాన్సు రాజు స్వయంగా పంపిన సర్వసేనాని. సైన్యంతో దక్షిణానికి వచ్చెయ్యమని ఆజ్ఞ. దానికి కొద్దిగా ముందే బుస్సీ దివాను హైదర్ జంగ్‌ని నిజాం అలీ డేరాలో చంపేశారు. అన్నగారి గద్దె మీద నిజాం అలీ కన్నుందని లోకమంతటికీ తెలుసు. అలాంటి సమయంలో వెళ్లిపోతే ఏమవుతుందో బుస్సీకి తెలీదా? తెలుసు. సలాబత్ బతిమాలాడనీ, తనకి రాబోయే గతి ముందే చెప్పుకున్నాడనీ, బుస్సీ మళ్లీ వస్తానని ధైర్యం చెప్పాడనీ చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ రాశాడు.

బుస్సీ వెళ్లిపోయాడు. మళ్లీ ఆ కొలువుకి రాలేదు.

ఇది చదివిన రోజుల్లో నేను ఒక స్నేహితుడితో మాట్లాడటం మానేసి ఎనిమిది నెలలైంది. కొండపల్లి వాడు. ఇద్దరం కలిసి ఇంజినీరింగ్ చదివి, హైదరాబాదులో ఒకే కంపెనీలో చేరాం. వాడు టీమ్ లీడ్ అయ్యాడు. ఒక శుక్రవారం నన్ను మీటింగ్ రూమ్‌లోకి పిలిచి లాప్‌టాప్ అక్కడే పెట్టి వెళ్లమన్నారు. లిస్టులో నా పేరుందని వాడికి రెండు వారాల ముందే తెలుసు. ఆ రెండు వారాల్లో ఇద్దరం కలిసి భోంచేశాం, సినిమాకి వెళ్లాం, నేను కొత్త బండికి లోన్ తీసుకుంటానంటే విన్నాడు కూడా. "ఇంకొన్నాళ్లు ఆగరా" అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ రాత్రి వాడే మా రూమ్‌కి వచ్చి, "నాకు ముందే తెలుసు. చెప్తే నా పేరూ అందులో చేరేది. ఇంటి లోన్ ఉంది" అన్నాడు. నేను తలుపేశాను.

వాళ్ల నాన్నగారు బొమ్మలు చేస్తారు. నేను బెజవాడ వచ్చానని తెలిసి రమ్మని కబురు పెట్టారు. వెళ్లేసరికి తెల్లపొణికి కర్రతో చెక్కిన ఏనుగుకి చింతగింజల మక్కు పెట్టి తొండం అతుకుతున్నారు. "ఏరా అబ్బాయ్, మీవాడు చేసింది తప్పేనంటావా?" అన్నారు, తలెత్తకుండా.

"తప్పే బాబాయ్" అన్నాను.

"సరే. కానీ వాడు నీకు అబద్ధం చెప్పాడా?"

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. తొండం ఆరాక రంగు వెయ్యాలని దాన్ని ఎండలో పెట్టి, నాకు కాఫీ తెప్పించారు.

ఆ ప్రశ్నతోనే బుస్సీ కథ నాకు ఇంకోలా కనబడింది. ఆయన వెళ్లిపోవడాన్ని అర్థం చేసుకోగలను. సైనికుడు, పైనుంచి ఆజ్ఞ. నన్ను బాధపెట్టేది ఆ "మళ్లీ వస్తా" అన్న మాట. అది తన చేతుల్లో లేదని ఆయనకి తెలీకుండా ఉంటుందా? రాజు మాట వింటూనే స్నేహితుడి దగ్గర మంచివాడుగా మిగలాలనుకోవడం అది. నా స్నేహితుడు ఆ పని చెయ్యలేదు. కంపెనీ మాట విన్నాడు, విన్నానని నా మొహం మీదే చెప్పాడు, తలుపేయించుకున్నాడు. అది చిన్న విషయమేం కాదని ఒప్పుకోడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

ఇక ఆ రాజభక్తికి దక్కిందేమిటి? బుస్సీ 1760లో వందవాసి యుద్ధంలో ఇంగ్లీషువాళ్లకి పట్టుబడ్డాడు. పిలిపించిన లాలీకి 1766లో పారిస్‌లో తల తీశారు, అదీ రాజద్రోహం నేరం కింద. కొండపల్లి కోట ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది కూడా అదే ఏడాది. సలాబత్‌ని నిజాం అలీ గద్దె దించి బీదరు కోటలో పెట్టాడు. 1763లో ఆయన కథ అక్కడే ముగిసింది.

అన్నిటికన్నా నన్ను కదిలించింది 1759 ఏప్రిల్. కల్నల్ ఫోర్డ్ మచిలీపట్నాన్ని ముట్టడిస్తుంటే, ఫ్రెంచివాళ్లకి సాయంగా సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో హైదరాబాదు నుంచి బయల్దేరి బెజవాడ దాకా వచ్చాడు. తనని వదిలేసి వెళ్లినవాళ్ల కోసం! ఆయన సైన్యం అందేలోపే ఫోర్డ్ కోట పట్టేశాడు. నెల తిరిగేసరికి సలాబత్ ఇంగ్లీషువాళ్లతోనే సంధి చేసుకున్నాడు. అందులో పాత స్నేహం ఎంతో, సొంత అవసరం ఎంతో విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

బొబ్బిలికి స్మారకం ఉంది. సలాబత్ బెజవాడలో ఎక్కడ దిగాడో చెప్పే పలక నాకెక్కడా కనబడలేదు. మొన్న ఆదివారం మా వాణ్ణి ప్రకాశం బరాజ్ మీదికి తీసుకెళ్లి ఈ కథంతా చెప్పాను. అంతా విని, "ఇంతకీ నువ్వు సలాబత్‌వా, బుస్సీవా?" అన్నాడు. ఇద్దరం నవ్వాం. తర్వాత చాలాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.