కప్పు చెప్పే మాట

2016లో మొదలైన సింగరేణి విద్యుత్ కేంద్రం గురించి రాయమని సంపాదకుడు నన్ను జైపూర్ పంపారు. 1200 మెగావాట్ల ఆ కేంద్రాన్ని చూశాను. మనసు మాత్రం ఊళ్లో, గని కప్పు కూలకుండా కర్ర దిమ్మలు పెట్టి రిటైరైన ఒక టింబర్‌మన్ చేతుల దగ్గరే ఆగిపోయింది.

ఆయన మనవరాలు బొమ్మల చదువు చదువుతోంది. తాత ఒకప్పుడు కాపురమున్న గోదావరిఖని కార్మికుల గల్లీ చరిత్రను, జనం అందులోంచి నడిచి అనుభవించేలా కళగా మలచాలని నమూనా గీసింది. నల్లరంగు గోడలు, క్యాప్‌ల్యాంపులు, బొగ్గు టబ్బు. తాత ఆ కాగితం పక్కన పెట్టి, ఎడమ అరచేయి దూలానికి ఆనించి, కుడిచేతి కర్రతో తట్టాడు. ఆగి విన్నాడు. మళ్లీ తట్టాడు.

"బాయిల చెవులే మా కండ్లు బిడ్డా. కప్పు గట్టిగ మోగితే పని. డొల్లగ మోగితే దిమ్మ పెట్టాలె, లేకుంటె ఎనుకకు జరగాలె. గిది నీ బొమ్మల యాడున్నది?"

ఆ ప్రశ్న నాకు సరైనదనిపించింది. సిడ్నీ నడిబొడ్డున ఏంజెల్ ప్లేస్ అనే సందులో ఖాళీ పంజరాలు వేలాడదీసి, నగరం పెరిగి తరిమేసిన పక్షుల కూతలు వినిపిస్తారు. పోయిన లోకాన్ని అక్కడ చెవికి అందించారు. మన గల్లీకి కావలసిందీ అదే: షిఫ్టు సైరన్, చెమ్మస్ పార బొగ్గులో దిగే చప్పుడు, కప్పు మోత. వేళగాని వేళ సైరన్ మోగితే గనిలో ప్రమాదమేమోనన్న భయంతో ఆడవాళ్లు వాకిళ్లలోకి పరుగెత్తేవారట. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొరబడి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ భయానికి చోటివ్వని కళ ఆ గల్లీది కాదు.

ఇప్పుడు సింగరేణి బొగ్గులో అధిక భాగం ఓపెన్‌కాస్టులదే. అక్కడ వినడానికి కప్పే ఉండదు. భూగర్భ గనుల్లోనూ కర్ర దిమ్మల చోటును రూఫ్ బోల్టులు ఆక్రమించాయి. ఇక ఈ వినికిడి ఎవరు నేర్చుకుంటారు?

అందుకే రంగులు కొనకముందే రిటైరైన కార్మికుల గొంతులు, చేతుల కదలికలు రికార్డు చేయాలి. ఆ ఖర్చు సింగరేణి భరించాలి. నమూనా గీసేటప్పుడు టింబర్‌మన్ పక్కనే కూర్చోవాలి, కళాకారులతో సమానంగా ఆయనకూ డబ్బు అందాలి. కార్మికుల అనుభవాన్ని ఉచితంగా తీసుకుని గోడ మీద టోపీ బొమ్మ వేసి గౌరవించామనుకుంటే, అది ఆ కష్టాన్ని రెండోసారి దోచుకోవడమే.