వేపమండలు, మాత్రలు

గత వేసవిలో మా తమ్మునికి మూర్ఛ వచ్చుటచే వైద్యులు ఫెనిటోయిన్ అను మాత్రల నిచ్చిరి. మూర్ఛ నిలిచినది, మేము మిక్కిలి సంతసించితిమి. 12వ నాడు వానికి జ్వరము తగిలి, కన్నులు మండి, ఱొమ్మున ఎఱ్ఱని మచ్చలు పొడసూపెను. మా నాయనమ్మ ఆటలమ్మ యని నిశ్చయించి గుమ్మమునకు వేపమండలు గట్టించినది. చదువుకొన్న మేమును కాదనలేదు. అంతియ కాదు, మఱి 2 దినములు మా చేతులతోనే ఆ మాత్రలను వానిచే మ్రింగించితిమి!

పెదవులు పుండ్లుపడి నీరైనను మ్రింగలేకపోగా ఆసుపత్రికి గొనిపోయితిమి. అచ్చటి వైద్యురాలు మచ్చలను జూడకమున్నే "ఏ మందు వాడుచున్నారు? ఎన్నినాళ్లయినది?" అని యడిగి, మాత్రలను తత్క్షణమే మాన్పించెను. ఇది స్టీవెన్స్-జాన్సన్ వ్యాధి యట. 1922లో ఆ పేళ్లుగల అమెరికా వైద్యు లిద్దఱు దీనిని ఇద్దఱు బాలురయందు గనుగొని వర్ణించిరి. కొన్ని మూర్ఛమందులు, సల్ఫామందులు, కీళ్లవాతమున కిచ్చు అల్లోప్యూరినాల్ దీనికి ముఖ్యకారణములు. మందు మొదలిడిన కొన్ని దినములకుగాని యిది బయటపడదు. కావుననే మాత్రపై నెవ్వరికిని అనుమానము పోదు.

వాని చర్మము కాలినట్లు పొరలుగా నూడెను. పక్కగుడ్డ యంటుకొనకుండ అరటియాకులు పఱచిరి. ఆ యాకులపై వాడు మూలుగుచుండ మేము వాని ముఖము చూడలేకపోయితిమి.

తమ్ముడు బ్రదికినాడు. కంటిలో చుక్కలమందు నేటికిని వేయవలసియున్నది. ఫెనిటోయిన్, దానివంటిదగు కార్బమజెపీన్ వలదని వ్రాసిన చీటి వాని పుస్తకముల సంచిలో నుండును. జలుబుమాత్ర యిచ్చుటకైనను మా నాయనమ్మ ముందుగా ఆ చీటి చదివి వినిపింపు మనుచున్నది.