మల్లినాథుని యూర నొక మధ్యాహ్నము

సోదరీమణులారా, వ్రాయవలెనని కూర్చున్న గృహిణికి ఇంటిలో చోటు దొరకుట యెంత దుర్లభమో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. కాగితము ముందుంచుకొనగానే పాలు పొంగును. లోపలినుండి పిలుపు వినబడును.

మా తండ్రిగారు బాల్యమున మాకు రఘువంశమును మల్లినాథుని వ్యాఖ్యతో చెప్పిరి. వారు గతించి రెండేండ్లయినది. పాఠము నడుమ వారు నోటితో చెప్పిన విశేషములు ఏ పుస్తకమునను లేవు. మా జ్ఞాపకమున మాత్రమే యున్నవి; అవియు దినదినము జారిపోవుచున్నవి. వానిని వ్రాసిపెట్టుదమని మొదలిడి రెండవ సర్గము దాటలేకపోతిమి. ఇల్లు విడిచి కూర్చున్నచో సాగునేమో యని, దసరా సెలవులలో మావారితో కూడ మెదకుసీమలోని కుల్చారమునకు బయలుదేరితిమి.

కొలిచెలమ మల్లినాథసూరి యింటిపేరు ఈ యూరినిబట్టి వచ్చినదే యందురు. 14, 15 శతాబ్దుల నాటి యా మహామహోపాధ్యాయుడు కాళిదాసుని మూడు కావ్యములకు సంజీవనిని, కిరాతార్జునీయమునకు ఘంటాపథమును, మాఘమునకు సర్వంకషను, నైషధమునకు జీవాతువును రచించెను. ఆధారము లేనిది వ్రాయరాదు, అక్కరలేనిది చెప్పరాదు అనునది యాయన పెట్టుకొన్న నియమము. మా తండ్రిగారు మాకు మొట్టమొదట నేర్పినది దానినే. మల్లినాథుని కుమారుడు కుమారస్వామియు వ్యాఖ్యాతయై ప్రతాపరుద్రీయమునకు రత్నాపణమును వ్రాసెను. తండ్రివిద్య కొడుకునకు దక్కుట వింత కాదు. కూతునకు దక్కినచో నిలుపుకొనుటకు తీరిక యెక్కడిది?

ముందుగా పార్శ్వనాథుని నల్లరాతి విగ్రహమును దర్శించితిమి. మనిషి యెత్తును మించిన యా మూర్తి యెదుట కాగితము తీయుటకు మనసొప్పలేదు. మావారు ఊరివారితో ముచ్చటించుచుండగా, మేమొక చెట్టు క్రింది గద్దెపై కూర్చుండి కలము తీసితిమి. మూడు పంక్తులు సాగెను. తల యెత్తగా నెదుట నలుగురు పిల్లలు, ఒక మేక.

"మేడమ్, సర్వేనా?" అని పెద్దపిల్ల యడిగెను. కాదన్నను నమ్మలేదు. చెట్టుక్రింద కూర్చుండి వ్రాయు నాడుది సర్కారుమనిషి గాక మరేమగును? ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చువరకు మజిలీలలో వ్రాసిన వృత్తాంతము 1838లో కాశీయాత్ర చరిత్రయై వెలసెను. వారినెవరును సర్వేనా యని యడిగి యుండరు. వారి వంటయు నొరులే చేసిరి లెండి.

అంతలో నొక ముసలమ్మ వచ్చి మా ప్రక్కనే కూలబడెను. "బిడ్డా, జర నాకో కాయిదం రాసియ్యరాదూ? పింఛన్ ఆగింది. నా ఏళ్ళు మిషన్ల పడ్తలేవట" అని రెండు చేతులును చాపెను. నాట్లు వేసి, బీడీలు చుట్టి, వ్రేళ్ళ గీతలరిగి నున్ననైయుండెను.

ఆమె తన బ్రతుకంతయు చెప్పెను. మగడు పోవుట, బర్రె నమ్ముకొనుట, కాన్పులో కూతురు చనిపోవుట. అర్జీకి కావలసినది ఐదు పంక్తులు. అవి వ్రాసి చదివి వినిపించితిమి.

"నా బిడ్డ ముచ్చట రాసినవా?"

"ఆ ముచ్చట దీనికక్కరలేదమ్మా."

"రాయి బిడ్డా. ఎవలన్న సదువుతరు."

అక్కరలేనిది వ్రాయరాదని నేర్చిన చేయి కొంతసే పాగెను. పిదప నా కూతురి పేరుతో ఆరవ పంక్తి వ్రాసితిమి. ఆమె దానిని మరల చదివించుకొని, కాగితము మడిచి కొంగున ముడివేసికొనెను.

ఆ వెనుక మరి యిద్దరు వచ్చిరి. ఒకతెకు భూమి కాగితము, ఒకతెకు దూరదేశమున నున్న కొడుకునకు నుత్తరము. ఫోనులో మాటలాడవచ్చును గదా యంటిమి. ఫోనులో నేడ్పు వచ్చునట. ప్రొద్దు వాలెను, తెచ్చిన కాగితములలో నొక్కటి మిగిలెను. ముసలమ్మ కాల్చిన మక్కకంకులు రెండు తెచ్చి యొడిలో పెట్టెను.

మెదకు బస్సులో మావారు "ఎన్నవ సర్గమునకు వచ్చినది?" అని యడిగిరి. ఆ యొక్క కాగితమును చూపితిమి. దిలీపుడు నందిని వెంట నడచునపుడు మా తండ్రిగారు కన్నులు మూసికొని చెప్పిన మాట యొకటి అప్పుడే తోచెను. మరచిపోదుమేమో యని మోకాలిపై కాగితముంచి వ్రాసితిమి. కుదుపులకు అక్షరములు వంకరలు పోయినవి గాని, చదువుకొనవచ్చును.