మాడ్ మేనేజరును మార్చుట యెప్పుడు?

పిల్లల యాటల సంగతి పెద్దల పత్రికలో నెందులకని తలంపకుడు. ఆదివారమునాడు మన యిండ్లలో కంప్యూటరు ముందు జరుగు తగవులలో సగము ఆటను గూర్చినవి కావు. ఆటకు వలయు సరంజామాను గూర్చినవి. మా యింట నిప్పుడు నడుచుచున్న వివాదమట్టిదే. పాత పద్ధతిని విడిచి యందఱును క్రొత్త మాడ్ మేనేజరును స్వీకరింపవలెనా? వలెనన్నచో నెప్పుడు?

మాడ్ అనగా ఆటను చేసినవారు గాక, ఆడువారిలోని నేర్పరులు వ్రాసి, తఱచుగా నుచితముగనే పంచిపెట్టు చేర్పు. మా పిల్లలాడు ఆట స్టార్‌డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అనునాతడు నాలుగేండ్లకు పైగా నొంటరిగా శ్రమించి దీనిని 2016 ఫిబ్రవరిలో వెలువరించెను. పొలము దున్నుట, కోళ్లను పెంచుట, ఊరివారితో నెయ్యము చేయుట ఇందలి ముఖ్యమైన పనులు గనుక, బడిపంతులైన మావారును అభ్యంతరము చెప్పరు. స్మాపి అను ప్రోగ్రాము మాడ్‌లను చదివి యాటలో జేర్చును. ఒక్కొక్క మాడ్ ఒక్కొక్క ఫోల్డరు. దానిని మాడ్స్ అను పెద్ద ఫోల్డరులో నుంచిన జాలును. పది యున్నంతవఱకు నిది సులభము. నలుబది దాటినచో నేది పాతబడినదో, ఏది దేని నాశ్రయించినదో గుర్తుండదు. అప్పుడు మేనేజరు కావలసివచ్చును.

మా పిల్లల సంఘము చిన్నది. మా యమ్మాయి, గుంటూరున మా చెల్లెలి పిల్లలిద్దఱు, డాలస్‌లో మా బావగారి యబ్బాయి, నలుగురును ఒకే పొలమును సాగుచేయుదురు. అక్కడ శనివారము రాత్రి, ఇక్కడ ఆదివారముదయము. క్రొత్త వస్తువులను, క్రొత్త చోట్లను జేర్చు మాడ్‌లు నలుగురియొద్దను సమానముగా నుండవలెను. లేనిచో చిక్కులు వచ్చును. కావుననే డాలస్ అబ్బాయి, "పిన్నీ, మీరైనా చెప్పండి, అందఱం ఒకేసారి వోర్టెక్స్‌కు మారిపోతే గొడవ వదులుతుంది" అని పట్టుబట్టెను.

వాని మాట తప్పు కాదు. కాని ఏదేని చెడినప్పుడు గుంటూరు పిల్లలు "అక్కా" అని ఫోను చేయునది డాలస్‌కు గాదు, మా యమ్మాయికి. స్మాపి కిటికీలో కనబడు ఎఱ్ఱని వరుసలను వారిచే జదివించుకొని, ఏ ఫోల్డరును తీయవలెనో చెప్పునది ఆమెయే. సాధనము మాఱినచో నామె ముందుగా నేర్చి, తరువాత వారికి నేర్పవలెను. కోరినవా డొకడు, మోయునది యొకతె. మార్పునకు దినము నిర్ణయించు హక్కు మోయువారికే యుండవలెనని మా యభిప్రాయము. (వంట చేయనివారు పొయ్యిని మార్చిన యిండ్లను మేమెఱుగుదుము.)

పెద్ద సంఘములలోను నిట్టిది జరిగినది. 2011లో వచ్చిన స్కైరిమ్ అను ఆట నాడువారు వాడు మాడ్ ఆర్గనైజర్‌ను టానిన్ అను మాఱుపేరుగలాయన నిర్మించెను. 2016లో నెక్సస్ మాడ్స్ వారు ఆయనను బిలిచి, తమ పాత మేనేజరునకు బదులుగా వోర్టెక్స్‌ను చేయించిరి. కర్త వెడలిపోయినను మాడ్ ఆర్గనైజర్ నశింపలేదు. జీతము లేని సేవకులు కొందఱు దానిని చేపట్టి నిలిపిరి. దానికై వ్రాసిన మార్గదర్శకములు, దాని గుట్టెఱిగి జవాబు చెప్పువారు మిగిలియుండుటయే యిందులకు గారణమని మాకు దోచుచున్నది.

మఱియొక సంగతి. 2024 మార్చి 19న స్టార్‌డ్యూకు 1.6 అను క్రొత్త కూర్పు వచ్చినప్పుడు పెక్కు మాడ్‌లను సవరింపవలసివచ్చెను. అట్టి వారములోనే మేనేజరును గూడ మార్చినచో, తప్పు ఆటదో, మాడ్‌దో, మేనేజరుదో యెట్లు తెలియును? రెండు మార్పుల నొక్కసారి చేయరాదు.

ఇక తిరుగుదారి. పాండవులు విరాటు కొలువు జేరకముందు ఆయుధములను జమ్మిచెట్టుపై దాచిరి గాని పాఱవేయలేదు. వోర్టెక్స్ మాడ్‌లను తన సొంత ఫోల్డరులో నుంచుకొని, సాధారణముగా నదే ఫైలునకు ఆట ఫోల్డరులో రెండవ పేరు కల్పించును. ఇందులకు రెండు ఫోల్డర్లును ఒకే డ్రైవునం దుండవలెను. పర్జ్ అను మీట నొత్తినచో నా పేర్లన్నియు దొలగును. ఇంతవఱకు భయము లేదు. భయమంతయు సేవులను గూర్చియే. ఒక మాడ్ లోపించినచో నది తెచ్చిన వస్తువులు పెట్టెలలో ఎర్రర్ ఐటెం అయి కూర్చుండును. స్మాపి దినమునకొకసారి సేవులకు నకలు తీయును గాని, కడపటి పదింటినే నిలుపును. కావున వేఱుగా నొక నకలును పెన్‌డ్రైవులో నుంచుట మేలు.

తుదకు మా యింట నిట్లు తీర్మానమైనది. ముందుగా డాలస్ అబ్బాయి యొక్కడే, పొలము యొక్క నకలుపై, క్రొత్త సాధనమును బరీక్షించును. ఆ యాటలో ఋతువునకు 28 దినములు, ఏడాదికి 112. శీతకాలము 28వ దినము ముగియువఱకు మిగిలిన మువ్వురును కదలరు. అబ్బాయి కొంత అలిగినాడు. వారి పొలమున నిప్పుడు శరత్తు, గుమ్మడి కోతలు. మా యమ్మాయి మాడ్‌ల పేర్లను, కూర్పుల అంకెలను తెలుగులో నొక నోటుపుస్తకమున వ్రాయుచున్నది. నేటికి నలుబదియొకటి యైనవి. గుంటూరు పిల్లల జాబితా యింకను రావలసియున్నది.